వెన్ను విడిచిన పియానో

మన కళాశాల సమావేశ మందిరంలో, వేదికకు ఎడమవైపున, గోడకు జానెడు ఎడంగా నిలిచి ఉన్న నల్లని పియానోను చూసిన విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "దాని వీపు మీద ఆ ఇనుప బిళ్ళలు ఎందుకు సార్?" రెండు మాటలలో చెప్పి ముగించగల సంగతి కాదది. కార్యవర్గంలోని పెద్దలు ఆ బిళ్ళలకైన ఖర్చును ఆమోదించారే గాని, అవి చేస్తున్న పని యేమిటో వారిలో కొందరికి నేటికీ తెలియదు. తెలుగు అధ్యాపకునికి బోల్టులతోనూ నట్లతోనూ ఏమి పని అని నవ్వుకొనే మిత్రులు నవ్వుకొందురు గాక. ఆ పని జరిగినన్నాళ్ళూ దాని ప్రక్కన ఉన్నవాణ్ణి నేను గనుక వ్రాసే బాధ్యత కూడా నాదే అనుకొంటున్నాను.

పియానో పుట్టిల్లు ఇటలీ దేశం. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సు నగరంలో మెడిచీ ప్రభువుల కొలువులో ఉన్న బార్తొలొమియో క్రిస్తొఫోరి అనే వాద్యనిర్మాత, తీగను మీటడానికి మారుగా చిన్న సుత్తితో కొట్టి, కొట్టిన వెంటనే ఆ సుత్తి వెనుకకు తగ్గే ఏర్పాటును కనిపెట్టాడు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడం ఈ వాద్యం విశేషం. పియానో అంటే ఇటాలియన్ భాషలో మెల్లగా అనే అర్థం. ఇండ్లలో గోడవారగా నిలబెట్టుకొనడానికి వీలైన నిలువు పియానోలు 1800 నాటికి గాని రాలేదు. 1825లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ అనే అతడు ఒకే పోతగా పోసిన ఇనుప చట్రానికి పేటెంటు పొందాడు. అటుపిమ్మట తీగలు లావెక్కాయి, బిగువు పెరిగింది, నాదం పెద్దదయింది. కష్టం కూడా అక్కడనే మొదలయింది.

మన వీణకు ఉన్నవి ఏడు తీగలు. బొబ్బిలి ప్రక్కన గొల్లపల్లిలో వీణ చేసేవారు పనస దుంగను తెచ్చి, కుండ నుండి దండి చివర దాకా ఒకే మ్రానులో తొలుస్తారు. దానిని ఏకాండి వీణ అంటారు. అతుకే లేని చోట అతుకు విడిపోవడమన్న భయం లేదు. పియానోకు అది సాధ్యం కాదు. ఎనభై ఎనిమిది మెట్లకు గాను అందులో ఉన్నవి 220కి పైగా ఉక్కు తీగలు. ఒక్కొక్కటి సుమారు 70, 80 కిలోల బరువు వ్రేలాడదీసినంత బిగువుతో లాగుతూ ఉంటుంది. అన్నీ కలిపితే 16 నుండి 20 టన్నులు. పది చక్రాల లారీకి బేతంచెర్ల నాపరాళ్ళు నిండుగా ఎత్తి, ఆ బరువును రేయింబవళ్ళు, వాయించినా వాయించకున్నా, ఒక చెక్క పెట్టె చేత మోయించడమన్న మాట!

ఆ బరువును మోసేవి మూడు. ముందున్నది పోత ఇనుప చట్రం. దాని పైభాగం వెనుక, గట్టి కొయ్య పలకలను పొరలు పొరలుగా అతికించి చేసిన మందపాటి దిమ్మె ఉంటుంది. దానిని పిన్ బ్లాక్ అంటారు. తీగల పై కొసలను చుట్టిన ఉక్కు చీలలన్నీ ఇనుప చట్రం గుండా పోయి ఈ దిమ్మెలో దిగి ఉంటాయి. దానికి వెనుక ఐదారు నిలువు దూలాలతో కూడిన కొయ్య చట్రం. ఇది పియానోకు వెన్నెముక. ఈ మూడింటినీ సరేసు, పెద్ద మరలు కలిపి ఒక్కటిగా పట్టి ఉంచుతాయి. తీగలన్నీ ముందువైపున ఉన్నవి గదా! నారి బిగించిన విల్లు వంగినట్లుగా, తీగల లాగుడు దిమ్మెను ఎల్లవేళలా ముందుకూ క్రిందికీ వంచజూస్తుంది. వెన్ను దూలాలు వెనుక నుండి దానిని పట్టి ఆపుతాయి. మధ్యనున్న అతుకు పట్టు వదలితే చాలు, దిమ్మె మెల్లగా ముందుకు వాలుతుంది, దూలాలు ఉన్నచోటనే నిలుస్తాయి. రెండింటి నడుమ నెరియ పడుతుంది. పై మూత ఎత్తి క్రిందికి చూస్తే తప్ప అది కనబడదు.

ఈ పియానో మన కళాశాలకు 1980 దశకంలో వచ్చింది. ఒక క్రైస్తవ వైద్యశాలలో పని చేసి విశ్రాంతి పొందిన వైద్యురాలు ఊరు విడిచి వెళ్ళే ముందు దీనిని ఇచ్చి వెళ్ళారని పెద్దలు చెబుతారు. ఉర్దూ, తెలుగు చదువుకొనే కళాశాలలో ఆంగ్లేయుల వాద్యం ఏమిటని అప్పుడూ కొందరు అడిగారట. సంగీతం విషయంలో మన పెద్దలలో అభిప్రాయభేదాలున్నవి. ఆ చర్చ ఈ వ్యాసానికి చెందినది కాదు. ఏమైనా వార్షికోత్సవం నాడు ప్రార్థనాగీతానికీ, కళాశాల తరానాకూ, జనగణమనకూ ఇదే శ్రుతి పట్టేది.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు నగరాన్ని ముంచిన సంగతి ఈ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. మందిరమంతా మునిగినా వేదిక ఎత్తుగా ఉండడం వలన పియానో పాదాల దగ్గర జానెడు నీరు మాత్రమే నిలిచిందని చూసినవారు చెప్పారు. పెడళ్ళు త్రుప్పు పట్టాయి. నీరు తీసినా బురద తీయడానికి వారాలు పట్టింది. ఆ వారాలన్నీ తలుపులు మూసిన గదిలో చెమ్మ పేరుకొని ఉండిపోయింది. ఆ తరువాత వచ్చింది కర్నూలు వేసవి. దాని సంగతీ చెప్పనక్కరలేదు. చెమ్మకు ఉబ్బిన కొయ్య, ఎండకు ముడుచుకొన్నది. సరేసు పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు. ఆ మాట ఫారసీ నుండి ఉర్దూకూ, ఉర్దూ నుండి తెలుగు వడ్రంగులకూ వచ్చింది. వేడి సరేసుతో చేసిన అతుకు ఎండు చోట నూరేళ్ళు నిలుస్తుంది గాని, నీటిచెమ్మకు మెత్తబడుతుంది.

ఆనాటి నుండి పియానో శ్రుతి దిగడం మొదలుపెట్టింది. ఏటా వార్షికోత్సవానికి ముందు ఒక ట్యూనరును పిలిపించడం, అతడు తీగలన్నీ బిగించడం, రెండు నెలలు తిరగకముందే మళ్ళీ అరస్వరం దిగిపోవడం. పన్నెండేళ్ళు ఇదే వరుస. పలకనిది తీగ, గనుక బిగించవలసినది తీగ అని అందరూ అనుకొన్నారు. బిగించిన ప్రతిసారీ దిమ్మె మీద లాగుడు పెరిగి నెరియ మరికొంత విచ్చుకొంటుందన్న ఆలోచన ఎవరికీ తోచలేదు. వైద్యం పేరిట రోగాన్ని పెంచడమంటే ఇదే.

2022 డిసెంబరు కార్యవర్గ సమావేశంలో దీనిని పాత ఇనుము క్రింద అమ్మివేయాలన్న ప్రతిపాదన వచ్చింది. తొమ్మిది వేలు ఇస్తానన్న వ్యాపారి సిద్ధంగా ఉన్నాడు. ఇరవై వేలు పెడితే మంచి ఎలక్ట్రానిక్ కీబోర్డు వస్తుందనీ, దానికి శ్రుతి చేసే బాధే లేదనీ ఒక సభ్యులు అన్నారు. ఆ వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆయన అన్నదంతా నిజమే. కాని ఆ సంవత్సరం మన బి.కాం. ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు, సాయంకాలాలు ఈ దిగిపోయిన పియానో మీదనే సాధన చేస్తూ, మరి నలుగురికి నేర్పుతూ ఉండేవాడు. కీబోర్డు ఇంట్లో ఉండగా దీని దగ్గరకు ఎందుకు వస్తావని అడిగితే, "దానిలో వ్రేలు నొక్కితే శబ్దం వస్తుంది సార్. దీనిలో నా వ్రేలి బరువు వినబడుతుంది" అన్నాడు. సాంస్కృతిక సంఘం బాధ్యత చూస్తున్నవాణ్ణి గనుక సభలో నేను కోరినది ఒక్కటే: అమ్మే ముందు ఒక జానకారు చేత చూపిద్దాము, కారణం తెలుసుకొని అమ్ముదాము. ఒప్పుకొన్నారు.

బెంగుళూరు నుండి వచ్చిన కొత్త ట్యూనరు మాటలు తక్కువ మనిషి. ఒక చీలకు తాళం తొడిగి కదిలించి చూశాడు, అది గట్టిగానే ఉన్నది. మరొకటి, ఇంకొకటి. "చీలలు వదులైతే ఒక్కొక్క తీగ తన ఇష్టం వచ్చినట్లు దిగుతుంది. ఇక్కడ అన్నీ కలిసికట్టుగా దిగాయి. తప్పు చీలలది కాదు" అన్నాడు. పై మూత ఎత్తి, జేబులోని చాకు మొనతో దిమ్మె వెనుక గీరాడు. నల్లని రంగు పొరలుగా లేచి వచ్చింది. దాని క్రింద తెల్లగా లప్పం! ఎవరో మహానుభావుడు నెరియను లప్పంతో పూడ్చి, పైన నల్ల పాలిషు పూసి వెళ్ళాడు. లప్పం తీసివేయగా రెండు రూపాయి బిళ్ళలు జంటగా దూరేంత సందు, ఎడమ కొస నుండి కుడి కొస దాకా తేలింది. "శ్రుతి చేయను. చేసి మీ దగ్గర డబ్బు తీసుకొనడం అన్యాయం" అని ఆయన తాళం సంచిలో పెట్టుకొన్నాడు. మరమ్మతు సంగతి అడిగాను. తీగలు దించడం, ఎత్తడం తన పని. నడుమ ఉన్నదంతా వడ్రంగం. నమ్మకమైన మేస్త్రీని చూసుకొమ్మన్నాడు.

హంద్రీ ఒడ్డున కొట్టు పెట్టుకొన్న పెద్ద మేస్త్రీకి డెబ్బై దాటాయి. దర్వాజాలు, మంచాలు, ఒకప్పుడు బండి చక్రాలు చేసినవాడు. మసీదులో మింబరును మరమ్మతు చేసినదీ ఆయనే. పియానో లోపలిభాగం ఆయన అంతకు ముందు చూడలేదు. అరగంట సేపు చుట్టూ తిరిగాడు, వెనుక దూలాలను వ్రేళ్ళతో తట్టి విన్నాడు, సందులో నుండి గీరిన పెచ్చును నాలుక తడితో రుద్ది వాసన చూశాడు. "సరేష్" అన్నాడు. తరువాత నా వంక తిరిగి, "ఇస్కీ పీఠ్ ఛూట్ గయీ, సాబ్" అన్నాడు. వెన్ను విడిచింది! ట్యూనరు ఆంగ్లంలో పావుగంట చెప్పినది ఆయన దక్కనీలో మూడు మాటలలో చెప్పాడు. ఆపైన వారిద్దరి నడుమ దుబాసీ పని నాది. పిన్ బ్లాకును మేస్త్రీ 'సర్' అన్నాడు, అనగా తల. దూలాలను 'రీఢ్' అన్నాడు. మూడవ రోజుకు బెంగుళూరు మనిషి కూడా ఫోనులో "సర్, రీఢ్" అనడం మొదలుపెట్టాడు.

పని 2023 ఫిబ్రవరిలో మొదలయింది. రంజాన్ నెలవంక కనబడే లోపల ముగించాలన్నది మేస్త్రీ పెట్టిన షరతు. మొదటి పని తీగలను దించడం. ఇది ఓర్పుతో చేయవలసిన పని అని చూసిన తరువాతనే తెలిసింది. ఒక ప్రక్కనే పూర్తిగా వదలు చేస్తూ పోతే బరువు ఒక వైపుకు పడి ఇనుప చట్రానికే ముప్పు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. గనుక ట్యూనరు ఒక కొస నుండి మరొక కొస దాకా ప్రతి చీలనూ పావు చుట్టు మాత్రం త్రిప్పి, మళ్ళీ మొదటికి వచ్చి మరొక పావు చుట్టు, ఇలా నాలుగు విడతలు చేశాడు. "ఇన్నేళ్ళూ దీనిని అందరూ పైకే లాగారు. కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకోనివ్వండి" అన్నాడు. సాయంకాలానికి మందిరంలో ఎన్నడూ లేని నిశ్శబ్దం వంటిది అనిపించింది. మెట్టు నొక్కితే తీగ దగ్గినట్లు మాత్రం ఒక చప్పుడు.

రెండవ పని శుభ్రం చేయడం. కార్యవర్గంలో ఒకరు వచ్చి చూసి, "జిగురు పోసి బిగిస్తే సరిపోయే దానికి ఇన్ని రోజులా?" అన్నారు. మేస్త్రీ తల ఎత్తలేదు. సందులో లప్పం ఉన్నంత కాలం అతుకు మూసుకోదు. మురికి ఉన్నంత కాలం ఏ జిగురూ పట్టదు. హాక్సా బ్లేడును చెక్క పిడికి బిగించి, పై నుండి లోపలికి దించి, గీరి, సైకిలు పంపుతో ఊది, మళ్ళీ గీరి, నాలుగు రోజులు అదే పని. లప్పం ముక్కలు, చీమల రెక్కలు, గాజువలె పెళుసెక్కిన పాత సరేసు, ఒక గుండుసూది, వరదనాటి సన్నని ఎర్రమట్టి బయటకు వచ్చాయి. ఆ మట్టిని మేస్త్రీ వ్రేళ్ళ మధ్య నలిపి, "హంద్రీ" అని మాత్రం అన్నాడు. ఆ వరదలో ఆయన కొట్టు మొత్తం పోయిందని తరువాత ఇంకొకరు చెబితే విన్నాను.

జిగురు లేకుండా ముందుగా ఒకసారి బిగించి చూశారు. మన మేస్త్రీలు శికంజా అనే బిగింపు పనిముట్లు ఆయన దగ్గర మూడున్నవి. అవి చాలక లారీ బాడీలు కట్టే షెడ్డు నుండి మరి రెండు తెచ్చాడు. చీలల మీద ఒత్తిడి పడకుండా ముందు కొయ్య దిమ్మలు పెట్టి మెల్లగా బిగిస్తే సందు కాగితం మందానికి మూసుకొన్నది, కుడి కొస వద్ద తప్ప. ఊడదీసి చూస్తే అక్కడ లోతున గట్టిగా పట్టుకొన్న పాత జిగురు గడ్డ. అది తీయడానికి మరొక రోజు. ఆ రోజు ఆయన మాట్లాడించినా మాట్లాడలేదు.

అతుకు మీదనే భారమంతా వేయరాదు గనుక, తల నుండి రీఢ్ దాకా ఐదు బోల్టులు వేయాలని నిర్ణయమైంది. కొత్తగా ఇనుమును తొలవకుండా, చట్రాన్ని బిగించి ఉన్న పై వరుస మరలలో ఐదింటిని తీసి, అవే రంధ్రాలను వెనుక దూలం దాకా తొలిచారు. మొదట విద్యుత్తు డ్రిల్లు వాడి, చివరి రెండంగుళాలకు బరమా చేత పట్టాడు. వెనుక కొయ్య పెచ్చులెగరకుండా ఉండాలంటే చేతికి తెలియాలి, యంత్రానికి తెలియదు అన్నాడు. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. కాని ఆయన తొలిచిన రంధ్రాల అంచులు మాత్రం నాణెం అంచువలె ఉన్నవి.

జిగురు విషయంలో ఇద్దరూ కొంత వాదించుకొన్నారు, నా నోటి ద్వారా. సరేసుతో అతికినది సరేసుతోనే అతకాలని మేస్త్రీ. రెండు ముఖాలు నున్నగా కలిసే కొత్త అతుకుకు సరేసు ఉత్తమమే గాని, నలిగి గీతలు పడిన పాత ముఖాల మధ్య గుంటలను అది నింపలేదని, ఇక్కడ ఎపాక్సీ తప్పదని ట్యూనరు. రెండు గొట్టాల నుండి కలిపి వాడే ఆ జిగురు మన ఊరి ఇనుప సామాను దుకాణాలలో దొరికేదే. మేస్త్రీ చివరకు ఒప్పుకొన్నాడు. ఆ జిగురు వేడిలో త్వరగా గట్టిపడుతుంది గనుక ఎండ ఎక్కక ముందే పని ముగియాలి. ఫజర్ నమాజు చేసుకొని తిన్నగా మందిరానికి వచ్చాము. మన బి.కాం. విద్యార్థి అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. మేస్త్రీ కలపడం, నేను సిరంజిలో నింపి అందించడం, అబ్బాయి పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కతో లోతుకు నెట్టి పరచడం. నలభై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. బోల్టులు దూర్చి, వెనుక వెడల్పైన ఇనుప బిళ్ళలు వేసి, నట్లు మధ్య నుండి కొసలకు వరుసగా కొంత కొంత బిగిస్తూ పోగా, సందు పొడవునా తేనెరంగు జిగురు సన్నని త్రాడువలె పైకి ఉబికింది. "అబ్ మిల్ గయే" అన్నాడు మేస్త్రీ. కలిసినవి.

తెలుగు అధ్యాపకుణ్ణి గనుక అతుకు అనగానే నాకు సంధి ప్రకరణం స్ఫురిస్తుంది. రాముడు, అతడు కలిసి రాముడతడు కావాలంటే నడుమ ఉకారం పోక తప్పదు. ఇక్కడ ఏదీ పోలేదు. తల తలగానే, రీఢ్ రీఢ్‌గానే ఉండి కలిశాయి. వ్యాకరణానికి పెద్దగా పనికివచ్చే పోలిక కాదు గాని, ఆ ఉదయం తోచింది గనుక వ్రాశాను.

మూడు రోజులు శికంజాలు కదల్చలేదు. తరువాత ట్యూనరు వచ్చి, దించిన విధంగానే విడతలు విడతలుగా తీగలను ఎత్తాడు. ఒక విడతలో ఎత్తిన తీగలు, ప్రక్కవాటికి బిగువు వచ్చేసరికి మళ్ళీ కొంత దిగుతాయి. ఇది అతుకు లోపం కాదు, వాద్యం స్వభావం. రెండు రోజులలో నాలుగు విడతలు. అయినా పూర్తి శ్రుతికి తీసుకొని పోలేదు. ప్రమాణమైన 440 కంపనాలకు కొద్దిగా క్రిందనే ఆపి, పక్షం రోజులకు ఒకసారి, నెలకు మరొకసారి వచ్చి ముగించాడు. జానకారు రాకపోకలతో కలిపి మొత్తం ఖర్చు రూ. 23,400. కీబోర్డు ధర కంటె ఎక్కువేనని నన్ను మందలించిన వారితో నాకు వాదన లేదు. మేస్త్రీ తన కూలి పది రోజులకే తీసుకొన్నాడు. పని చేసినవి పదిహేడు రోజులు.

కార్యవర్గం ఒక షరతు పెట్టింది. వర్షాకాలం, చలికాలం గడిచి, మరుసటి వేసవి చివర దాకా అతుకు నిలవాలి. నిలవకపోతే పాత ఇనుము వ్యాపారికి కబురు చేయాలి. న్యాయమైన షరతే. ట్యూనరు వెళ్ళే ముందు దిమ్మెకూ దూలానికీ అడ్డంగా, అతుకు మీదుగా, పలుచని కాగితపు పట్టీలు మూడు అంటించి, వాటి మీద తేదీ వేయమన్నాడు. అతుకు వెంట్రుకవాసి విచ్చుకొన్నా కాగితం చినుగుతుంది. పెన్నుతో నేనే వేశాను, 12-3-2023 అని.

ఆ జూన్ తొలకరికి మూత ఎత్తి చూశాను. డిసెంబరు చలిలో చూశాను. మరుసటి మే నెలలో, మందిరంలో కుర్చీ ముట్టుకొంటే కాలే రోజున, మేస్త్రీని వెంటబెట్టుకొని వచ్చి చూపించాను. ఎడమ పట్టీ ఒక మూల జిగురు ఎండి లేచి ఉన్నది. ఆయన దానిని బొటనవ్రేలితో నొక్కి అంటించి, మూడింటి మీదా వ్రేలు పోనిచ్చి చూశాడు. తరువాత, మూత వేయమని అబ్బాయికి సైగ చేసి, మంచినీళ్ళు అడిగాడు.